గడప దగ్గరి ప్రమాణం

1990 ఏప్రిల్‌లో నార్మన్ టెబిట్ అనే కన్సర్వేటివ్ ఎంపీ ఒక అమెరికన్ పత్రికతో మాట్లాడుతూ ఒక పరీక్ష పెట్టాడు. బ్రిటన్‌లో స్థిరపడ్డ ఆసియా వాళ్లు, కరీబియన్ వాళ్లు క్రికెట్ మ్యాచ్‌లో ఎవరి వైపు కేకలేస్తారో చూస్తే వాళ్ల మనసు ఏ దేశంలో ఉందో తెలిసిపోతుందన్నది ఆయన వాదన. దానికి 'క్రికెట్ పరీక్ష' అనే పేరు స్థిరపడింది. ఈ పరీక్ష మాకు కొత్త కాదు. ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్ ఉన్న రోజున ఆఫీసులోనో, చాయ్ హోటల్లోనో 'మీవాళ్లు బాగా ఆడుతున్నారే' అని నవ్వుతూ అనే మాట వినని తెలుగు ముస్లిం అరుదు. ఆ నవ్వు వెనక ఉన్న ప్రశ్న ఎక్కడ పుట్టిందన్నదే ఇక్కడ మేము చూడదలచుకున్నది.

మా ఉద్దేశంలో టెబిట్ నోరు జారి ఆ మాట అనలేదు. బ్రిటిష్ రాజకీయ సంప్రదాయంలో మూడువందల ఏళ్లుగా ఉన్న ఒక ప్రశ్ననే ఆయన క్రికెట్ భాషలో అడిగాడు. 'నీ వఫాదారి ఎవరికి?' అన్నదే ఆ ప్రశ్న. మొదట దాన్ని కేథలిక్కులను అడిగారు. తర్వాత యూదులను, నాస్తికులను అడిగారు. వలస పాలన కాలంలో ఓడెక్కించి తెచ్చి ఇక్కడి ముస్లింలను అడిగారు. ఇరవయ్యో శతాబ్దంలో, పాత వలసల నుంచి తమ దేశానికే వచ్చి స్థిరపడ్డవాళ్లను అడిగారు. అడిగించుకునేవాళ్లు మారుతూ వచ్చారు. ప్రశ్న మాత్రం మారలేదు.

రెండు భాషల మధ్య బతికేవాళ్లం కాబట్టి మాటల దగ్గర మేము కాస్త ఆగుతాం. తెలుగులో 'జాతి' అంటే అందులో పుట్టుక ఉంది. ఇంగ్లీషు 'నేషన్' మూలం వెతికినా లాటిన్‌లో పుట్టుకే కనిపిస్తుంది. ఉర్దూలో మాకు ఖౌమ్, వతన్, ముల్క్ అని మూడు మాటలున్నాయి. ఒకటి జనం, ఒకటి పుట్టి పెరిగిన గడ్డ, ఒకటి రాజ్యం. ఈ మూడూ ఒకే గీత మీద నిలబడాలని ఆ భాష పట్టుబట్టదు. పట్టుబట్టే రాజకీయం మాత్రం ఉంది. దానికి బ్రిటన్ గొప్ప ఉదాహరణ.

బి.ఏ.లో పొలిటికల్ సైన్సు చదివిన వాళ్లందరికీ బ్రిటన్ కథ ఒకే తీరున తెలుసు. 1215లో మాగ్నా కార్టా. 1688లో రక్తపాతం లేని మహోజ్వల విప్లవం. రాసిపెట్టుకున్న రాజ్యాంగం లేకపోయినా ఆచారాల మీద, మర్యాదల మీద నడిచే ప్రజాస్వామ్యం. ఫ్రెంచివాళ్లలా నినాదాలిచ్చి తలలు నరకకుండా, చెట్టు పెరిగినట్టు మెల్లగా పెరిగిన జాతి. పాఠ్యపుస్తకాల్లో ఈ కథ ఇప్పటికీ దాదాపు ఇలాగే ఉంది. ఐర్లండ్ వైపు నుంచి చూస్తే ఆ 'రక్తపాతం లేని' విప్లవానికి కొనసాగింపుగానే 1690లో బాయిన్ నది ఒడ్డున యుద్ధం జరిగింది. ఆ సంగతి పాఠంలో ఉండదు.

ఈ కథకు సిద్ధాంతం ఇచ్చినవాడు ఎడ్మండ్ బర్క్. ఫ్రెంచి విప్లవం మీద 1790లో వెలువడిన తన పుస్తకంలో ఆయన ఇంగ్లీషువాళ్ల హక్కులను తాతముత్తాతల నుంచి సంక్రమించిన ఆస్తితో పోల్చాడు. అమ్ముకోవడానికి వీల్లేని, చెక్కుచెదరకుండా తర్వాతి తరానికి అప్పగించాల్సిన ఆస్తి అది. జాతి అంటే ఇప్పుడు బతికున్నవాళ్ల గుంపే కాదు, పోయినవాళ్లు, పుట్టబోయేవాళ్లు కూడా అందులో భాగస్వాములే అన్నది ఆయన ఊహ. ఈ ఊహలో బలం లేదని మేము అనం. రాత్రికి రాత్రి జనం బతుకును తిరగరాసే అధికారం ఏ ప్రభుత్వానికీ లేదని చెప్పడానికి అది పనికొస్తుంది. బర్క్ దాన్ని బ్రిటన్‌కే పరిమితం చేయలేదు కూడా. మన దేశానికీ తనదైన సంప్రదాయం, చట్టం ఉన్నాయని వాదిస్తూ వారన్ హేస్టింగ్స్‌ను పార్లమెంటు ముందు నిలబెట్టి, 1788 నుంచి 1795 దాకా సాగిన విచారణలో ముందు నిలబడినవాడు ఆయనే.

అయితే ఆస్తి అన్నాక వారసులెవరన్న తగాదా తప్పదు. వీలునామాలో పేరు లేనివాడి సంగతేమిటి? దీనికి బర్క్ పుస్తకం కన్నా ఆయన బతుకే సూటిగా జవాబు చెబుతుంది. ఆయన డబ్లిన్‌లో పుట్టాడు. తండ్రి ప్రొటెస్టెంటు, తల్లి కేథలిక్కు. పార్లమెంటులో ఎంత ఎదిగినా కార్టూనిస్టులు ఆయనకు జెసూట్ పాస్టరు అంగీ తొడిగి బొమ్మలు వేశారు. లోపల నువ్వు రోమ్ మనిషివే అని దాని అర్థం. ఇంగ్లీషు వారసత్వానికి అంత గొప్ప వకాల్తా పట్టిన మనిషి వారసత్వమే అనుమానం కిందికి వచ్చింది.

ఇంకో సంగతి. ఆ వారసత్వానికి శిఖరం లాంటి రాజకిరీటమే వారసత్వ క్రమంలో రాలేదు. 1701లో చేసిన సెటిల్మెంటు చట్టం ప్రకారం కేథలిక్కు అయినవాళ్లు, కేథలిక్కును పెళ్లాడినవాళ్లు సింహాసనానికి అనర్హులు. రక్తసంబంధంలో దగ్గరివాళ్లు యాభైమందికి పైగా ఉన్నా, మతం కారణంగా వాళ్లందరినీ దాటేసి 1714లో జర్మనీ నుంచి హానోవర్ జార్జిని తెచ్చి కూచోబెట్టారు. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. అంటే పుట్టుకకూ ప్రమాణానికీ పోటీ వచ్చినప్పుడు గెలిచింది ప్రమాణమే. పెళ్లి నిషేధాన్ని 2013 చట్టంతో తీసేశారు. కేథలిక్కు రాజు కాకూడదన్న నిషేధం ఇప్పటికీ ఉంది.

ఆ 1701లోనే డేనియల్ డిఫో 'ద ట్రూబార్న్ ఇంగ్లిష్‌మన్' అనే వ్యంగ్య కావ్యం అచ్చువేశాడు. డచ్చి దేశం నుంచి వచ్చిన మూడో విలియం రాజును పరాయివాడని ఎద్దేవా చేసేవాళ్లకు అది జవాబు. రోమన్లు, శాక్సన్లు, డేన్లు, నార్మన్లు వచ్చి కలిసిన జనంలో అచ్చమైన ఇంగ్లీషువాడెవడయ్యా అని ఆయన ప్రశ్న. డిఫో కూడా అధికార చర్చికి బయటివాడే. జాతీయత గురించి నిజం చెప్పింది గడప బయట నిలబడ్డ మనిషే కావడం యాదృచ్ఛికం కాదు.

ఇక సహనం సంగతి. బ్రిటిష్ సహనానికి మూలగ్రంథంగా జాన్ లాక్ 1689లో ప్రచురించిన 'సహనం గురించిన లేఖ'ను చూపిస్తారు. దాన్ని జాగ్రత్తగా చదివితే అందులో ముస్లిం రెండుసార్లు రెండు రకాలుగా కనిపిస్తాడు. ఒకచోట లాక్ అంటాడు: అన్యమతస్తుడైనా, మహమ్మదీయుడైనా, యూదుడైనా మతం కారణంగా పౌరహక్కులకు దూరం కాకూడదు. ఆ కాలానికి అది చాలా పెద్ద మాట. ఇంకోచోట హద్దు గీస్తాడు: మరో రాజుకు విధేయుడిగా ఉండేవాణ్ణి సహించనక్కర్లేదు. దానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ, కాన్‌స్టాంటినోపుల్ ముఫ్తీకి గుడ్డిగా తలవంచే మహమ్మదీయుడు. ఆ ముఫ్తీ ఉస్మానీ సుల్తాన్ చెప్పుచేతల్లో ఉంటాడు కాబట్టి ఈ మనిషి ఏ క్రైస్తవ ప్రభువుకూ నమ్మకస్తుడు కాలేడట. లాక్ గురి పోపు మీద, కేథలిక్కుల మీద అని పండితులు చెబుతారు. కావచ్చు. కేథలిక్కును కొట్టడానికి ముస్లిం బొమ్మను వాడుకున్నాడు. ఆ బొమ్మ అక్కడితో పోలేదు.

సహనమూ అనుమానమూ ఒకే పుస్తకంలో, ఒకే కలం నుంచి వచ్చాయి. మా లౌకిక మిత్రులు మొదటిదాన్నే చూపిస్తారు. మాకు రెండూ కనిపిస్తాయి.

పుస్తకాల్లో ఉన్న అనుమానం చట్టంలో మరీ గట్టిగా ఉంది. 1673 టెస్ట్ చట్టం ప్రకారం ప్రభుత్వ పదవి కావాలంటే అధికార చర్చిలో ప్రసాదం తీసుకోవాలి, కేథలిక్ విశ్వాసంలో కీలకమైన అంశాన్ని కాదని ప్రకటించాలి. 1678లో ఆ ప్రకటనను పార్లమెంటు సభ్యులకూ తప్పనిసరి చేశారు. రాసిన రాజ్యాంగం లేదంటారు గాని, జాతిలో ఎవరున్నారో ఎవరు లేరో చెప్పే ప్రమాణం మాత్రం అక్షరం పొల్లు పోకుండా రాసి ఉంది. చరిత్రకారిణి లిండా కాలీ 1992లో వెలువరించిన 'బ్రిటన్స్' పుస్తకం ఈ విషయంలో మాకు చాలా పనికొచ్చింది. 1707లో స్కాట్లండ్ ఇంగ్లండ్‌తో కలిసిన తర్వాత, ప్రొటెస్టెంటు మతం, ఫ్రాన్సుతో యుద్ధాలు, సామ్రాజ్యం కలిసి 'బ్రిటిష్' అనే అస్తిత్వాన్ని తయారుచేశాయని ఆమె చూపించింది. ఎదుట ఒక కేథలిక్కు శత్రువు ఉండబట్టే ఇంగ్లీషువాడు, స్కాటిష్‌వాడు, వెల్ష్‌వాడు ఒకే జెండా కింద నిలబడగలిగారు. చెట్టులా తనకు తానే పెరిగిందన్న కథ ఇక నిలబడదు.

అయితే ఆమె పుస్తకం ప్రధానంగా లోపలివాళ్లు ఎలా ఒకటయ్యారన్న దాని గురించి. బయట ఉంచబడ్డవాళ్లు గడప ఎలా దాటారన్నది మాకు అంతకన్నా ముఖ్యం.

1828లో ఐర్లండ్‌లోని క్లేర్ నుంచి డేనియల్ ఓకొనెల్ పార్లమెంటుకు గెలిచాడు. కేథలిక్కు కాబట్టి ఆ ప్రమాణం చేయలేడని తెలిసే నిలబడ్డాడు, తెలిసే జనం ఓట్లేశారు. వెనక పెద్ద ప్రజా ఉద్యమం ఉంది. ప్రభుత్వం జడిసి 1829లో చట్టం మార్చింది. 1847లో లండన్ సిటీ నుంచి లయొనెల్ డి రాత్స్‌చైల్డ్ గెలిచాడు. ప్రమాణంలో నిజమైన క్రైస్తవ విశ్వాసం మీద అనే మాట ఉంది. యూదుడు ఆ మాట అనడు. ప్రభువుల సభ బిల్లులను మళ్లీ మళ్లీ తిప్పికొట్టింది. మధ్యలో 1851లో డేవిడ్ సాలమన్స్ ఆ మాట వదిలేసి ప్రమాణం చేసి, సభలో కూచుని ఓటు కూడా వేశాడు. అయిదువందల పౌండ్లు జరిమానా పడింది. రాత్స్‌చైల్డ్ మళ్లీ మళ్లీ గెలిచి, పదకొండేళ్ల తర్వాత 1858లో తన మాటల్లో ప్రమాణం చేసి కూచున్నాడు. 1880లో నార్తాంప్టన్ నుంచి గెలిచిన నాస్తికుడు చార్లెస్ బ్రాడ్లా ఆరేళ్లు పోరాడి 1886లో సీటు దక్కించుకున్నాడు. 1888లో దేవుడి పేరు లేకుండా ప్రకటన చేసే హక్కు చట్టమైంది. ఈ బ్రాడ్లా 1889లో బొంబాయి కాంగ్రెస్ సభకు వచ్చాడు. 1891లో ఆయన అంత్యక్రియలకు హాజరైన భారతీయుల్లో అప్పటికి లండన్‌లో చదువుకుంటున్న గాంధీ ఒకడు. 1892లో దాదాభాయ్ నౌరోజీ తన పార్సీ గ్రంథం మీద ప్రమాణం చేసి సభలో అడుగుపెట్టాడంటే ఇన్ని తలుపులు ముందే తెరిపించినవాళ్లు ఉన్నారు.

వీళ్లెవరూ 'మేమూ దేశభక్తులమే, నమ్మండి' అని బతిమాలలేదు. తప్పు మాలో లేదు, మీ ప్రమాణంలో ఉందన్నారు. ఆ మాటలే మార్పించారు. బ్రిటిష్ సహనం పైనుంచి దయతో దిగిరాలేదు. గెలిచి వచ్చినవాడు గడప దగ్గర కదలకుండా నిలబడితే వచ్చింది.

ఇందులో మా సమాజం గుర్తు పెట్టుకోవాల్సిన చేదు కూడా ఉంది. ఓకొనెల్‌ను గెలిపించింది ఏటా నలభై షిల్లింగుల విలువ చేసే భూమి ఉన్న చిన్న రైతులు. 1829లో కేథలిక్కులకు పార్లమెంటు తలుపు తెరిచిన ప్రభుత్వమే ఐర్లండ్‌లో ఓటు అర్హతను పది పౌండ్లకు పెంచింది. గెలిపించిన రైతులకే ఓటు పోయింది. కేథలిక్ పెద్దమనుషులు లోపలికి వెళ్లారు, కేథలిక్ పేదలు బయట పడ్డారు. గడప దాటిన తొలి యూదుడు బ్యాంకుల యజమాని. మైనారిటీకి తలుపు తెరిచారంటే అందులో ఎవరికి తెరిచారని అడగాలి. నవాబుల పేర్లు చెప్పి దూదేకుల, ఫకీరు, కూలి ముస్లింల బతుకును కప్పేసే పద్ధతి మనకూ తెలిసిందే.

ఇక ఆ ప్రశ్న మన దేశానికి వచ్చిన వైనం. 1871లో విలియం విల్సన్ హంటర్ అనే బెంగాల్ సివిల్ సర్వీసు అధికారి 'ద ఇండియన్ ముసల్మాన్స్' అనే పుస్తకం అచ్చువేశాడు. రాణి మీద తిరగబడడం ముస్లింలకు మతధర్మమా అన్నది దానికి ఉపశీర్షిక. వైస్రాయ్ మేయో వేసిన ప్రశ్నకు అది జవాబు. బెంగాల్ ముస్లింలు ఉద్యోగాలు, చదువులు పోగొట్టుకుని ఎంత చితికిపోయారో హంటర్ సానుభూతితో రాశాడు. అది కాదనలేం. కాని పుస్తకం నిలబడ్డ నేల మాత్రం లాక్ గీసిన బొమ్మే. ముస్లిం మనసు ఎక్కడో వేరే ప్రభువు దగ్గర ఉంటుంది, ముందు అది తేల్చుకోవాలి. రైతు అప్పు గురించి, మగ్గం ఆగిపోవడం గురించి అడిగే ముందు మతం గురించి అడగాలి. తర్వాత వచ్చిన జనాభా లెక్కలు, 1909 నాటి ప్రత్యేక నియోజకవర్గాలు ఈ చూపును పాలనా పద్ధతిగా మార్చాయి. తమ దేశంలో మత ప్రమాణాలను ఒక్కొక్కటే సడలిస్తున్న కాలంలోనే ఇక్కడ మతం పేరుతో ఓటర్లను విడదీశారు.

మనవాళ్లు ఇచ్చిన జవాబులను కూడా విమర్శగా చూడాలి. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1860లోనే 'లాయల్ మహమ్మడన్స్ ఆఫ్ ఇండియా' పేరుతో 1857లో ఇంగ్లీషువాళ్లకు అండగా నిలబడ్డ ముస్లింల వివరాలు అచ్చువేయడం మొదలుపెట్టాడు. హంటర్ పుస్తకాన్నీ ఖండించాడు. బెంగాల్‌ను చూసి దేశంలోని ముస్లింలందరి మీదా తీర్పు చెప్పడం తప్పని ఆయన అన్న మాట సరైనదే. ఢిల్లీలో ఉరికొయ్యలు చూసిన తరం అది. వాళ్ల ముందు ఇంకో దారి ఎంత ఉందో ఇప్పుడు కూచుని తీర్పు చెప్పలేం. కాని సబూత్ ఇవ్వడం మొదలుపెడితే ప్రశ్నను ఒప్పుకున్నట్టే. ఓకొనెల్ ప్రమాణాన్ని బోనులో నిలబెడితే, ఇక్కడ మనవాళ్లు తామే బోనెక్కి సాక్ష్యాలు చదివారు.

ఈ దారి చివరిదాకా నడిచినవాడు మన హైదరాబాద్ పాలకుడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఖలీఫా అటువైపు ఉన్నా మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ వైపు నిలబడ్డాడు. 1918లో 'బ్రిటిష్ ప్రభుత్వ విశ్వాసపాత్ర మిత్రుడు' అనే బిరుదు వచ్చింది. వఫాదారీకి ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఉపఖండంలో ఎవరికీ లేదు. 1947లో ఆయన డొమినియన్ హోదా అడిగితే అదే బ్రిటిష్ ప్రభుత్వం కుదరదంది. ఆయన మాత్రం 1950లో రాజ్‌ప్రముఖ్ అయ్యాడు. రజాకార్ల దౌర్జన్యాలకు, పాలకుడి పంతానికి 1948 సెప్టెంబరులోనూ ఆ తర్వాతా మూల్యం చెల్లించింది మరాఠ్వాడా, తెలంగాణ, కన్నడ జిల్లాల మామూలు ముస్లింలు. భారత ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ బృందం మృతుల సంఖ్యను 27 వేల నుంచి 40 వేల దాకా అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. పాలకుడి బిరుదు పల్లెలో ఉన్న పింజారీకి అక్కరకు రాలేదు.

మళ్లీ బ్రిటన్‌కు వద్దాం. 1948 జాతీయత చట్టం వలసల జనాన్ని కూడా తమతో సమానమైన పౌరులుగా గుర్తించింది. యుద్ధం తర్వాత ఆస్పత్రులకు, బస్సులకు, మిల్లులకు మనుషులు కావలసి వచ్చి ఆ పౌరులు బయలుదేరారు. 1962లో వోచర్లు పెట్టారు. 1968లో కెన్యా ఆసియన్లు వస్తుంటే మూడు రోజుల్లో చట్టం చేసి, బ్రిటిష్ పాస్‌పోర్టు చేతిలో ఉన్నవాణ్ణి కూడా నీ తల్లో తండ్రో తాతో ఇక్కడివాళ్లేనా అని అడిగారు. 1971 చట్టం దాన్ని పక్కా చేసింది. ప్రమాణం చాలదు, రక్తం కావాలన్నారు. అంతకుముందు కిరీటం విషయంలో రక్తం చాలదు, ప్రమాణం కావాలన్నవాళ్లే ఈ మాట అన్నారు. ఎవరిని బయట ఉంచాలో ముందు నిర్ణయమవుతుంది, కొలత తర్వాత దొరుకుతుంది.

2004 నుంచి కొత్తగా పౌరసత్వం తీసుకునేవాళ్లు సభలో నిలబడి ప్రమాణం చేయాలి. 2005లో పరీక్ష వచ్చింది. 2011లో ప్రభుత్వం 'బ్రిటిష్ విలువలు' అంటే ప్రజాస్వామ్యం, చట్టబద్ధ పాలన, వ్యక్తి స్వేచ్ఛ, ఇతర విశ్వాసాల పట్ల గౌరవం, సహనం అని నిర్వచించింది. ఇవి మంచివే. మాకూ కావాలి. కాని ఆ నిర్వచనం రాసింది ఉగ్రవాద నిరోధక విధాన పత్రంలో. అందరి సొత్తయిన విలువలకు 'బ్రిటిష్' ముద్ర వేసి, వాటిని నేర్చుకోవాల్సింది ముస్లిం పిల్లలేనన్నట్టు చూడడం దగ్గర మాకు పేచీ. 2018లో విండ్‌రష్ వ్యవహారం బయటపడింది. యాభై ఏళ్లుగా అక్కడే పనిచేసి ముసలివాళ్లయిన కరీబియన్ మూలాల మనుషులను కాగితాలు చూపమన్నారు. కనీసం 83 మందిని దేశం నుంచి అన్యాయంగా పంపేశారని తేలింది. 2019లో లండన్‌లో పుట్టిన షమీమా బేగం పౌరసత్వాన్ని, తల్లిదండ్రుల మూలం బంగ్లాదేశ్ కాబట్టి అది ఆమెకు దక్కుతుందన్న వాదనతో తీసేశారు. పదిహేనేళ్ల వయసులో సిరియా వెళ్లి ఐసిస్‌లో చేరింది ఆమె. ఆమె చేసినదాన్ని మేము సమర్థించం. నేరం చేస్తే విచారించి శిక్షించాలి. తల్లిదండ్రులు కూడా అక్కడే పుట్టిన తెల్లపిల్ల అదే పని చేస్తే శిక్ష పడుతుంది గాని పౌరసత్వం పోదు. ఒకే నేలలో పుట్టిన ఇద్దరిలో ఒకరిది హక్కు, ఇంకొకరిది లైసెన్సు.

ఇంతా చెప్పి అవతలి పక్క చెప్పకపోతే అది విమర్శ కాదు. 2023 మే 6న మూడో చార్లెస్ పట్టాభిషేకంలో, భగవద్గీత మీద ఎంపీగా ప్రమాణం చేసిన ప్రధాని రిషి సునాక్ బైబిల్ పాఠం చదివాడు. 2016 నుంచి లండన్ మేయరు ముస్లిం. మన దేశంలో ఇన్నేళ్లలో ఒక్క ముస్లిం కూడా ప్రధాని కాలేదన్నది గుర్తుంచుకునే ఈ మాట అంటున్నాం. అయితే అదే రోజు అదే చర్చిలో రాజు ప్రొటెస్టెంటు మతాన్ని కాపాడతానని ప్రమాణం చేశాడు. తలుపు వెడల్పయింది, నిజమే. పాత ప్రమాణం కూడా అలాగే ఉంది.

మన దేశానికి ఇందులో ఒక హెచ్చరిక ఉంది. బర్క్ మాటను కాషాయం రంగులో మనకు చెబుతున్నారు. ఈ దేశం వేల ఏళ్ల వారసత్వం, అందులో కొందరు వారసులు, కొందరు అతిథులు అంటున్నారు. బ్రిటన్‌కు లేనిది మనకొకటి ఉంది. 1949 నవంబరు 26న ఆమోదించిన రాజ్యాంగంలో 5 నుంచి 11 దాకా ఉన్న అధికరణాలు పౌరసత్వం గురించి చెబుతాయి. వాటిలో ఏ మతం పేరూ లేదు. 2019 డిసెంబరులో చేసిన సవరణ చట్టం మూడు దేశాల నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్ల పేర్లు రాసి ముస్లిం పేరు వదిలేసింది. గడప దగ్గరి ప్రమాణంలోకి మతం మొదటిసారి అలా వచ్చింది. ఆ చలికాలంలో షాహీన్‌బాగ్ మొదలుకొని హైదరాబాద్ వీధుల దాకా ఆడవాళ్లు, విద్యార్థులు రాజ్యాంగ పీఠిక చదివారు. మేమూ దేశభక్తులమే నమ్మండి అని వాళ్లు అనలేదు. రాసి ఉన్నది చదివి వినిపించారు.

క్రికెట్ మ్యాచ్ రోజున చాయ్ హోటల్లో అడిగే ప్రశ్నకు మా జవాబూ అదే. వఫాదారీకి సబూత్ ఇవ్వం. మీరు చదువుతున్న ప్రమాణంలో మా పేరు ఎవరు కొట్టేశారో చెప్పమంటాం.